పోలిక లేదు

రోజు 3

ఈ గ్రహం మీద దిగి మూడు రోజులైంది. దినచర్య రాయాలని నియమావళిలో ఉంది కాబట్టి రాస్తున్నాను. నా పేరు సూరాడ నూకరత్నం. 'వంశధార' ఓడలో చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. పదకొండేళ్ల ప్రయాణంలో ఆరు వందల నలభై మందికి ఒకటే పాఠం, తిప్పి తిప్పి చెప్పాను. కరీబియన్ దీవుల్లో టైనోలనే జనం ఉండేవాళ్లు, స్పెయిన్ ఓడలు వచ్చాయి, యాభై అరవై ఏళ్లలో ఆ జనంలో లెక్కకు దొరికినవాళ్లు కొద్దిమందే. కొత్త నేల మీద మనం అలాంటి పని చేయకూడదు. పరీక్ష పాసవని వాళ్లను ఓడ దిగనివ్వరు. మా నాయకుడు దన్నాన త్రినాథ గారికి నూటికి తొంభై రెండు వచ్చాయి. ఆ సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి గదిలో పెట్టుకున్నారు.

దిగాక నా ఉద్యోగం పేరు పోలికల అధికారి. ఇక్కడ ఏ పెద్ద పని తలపెట్టినా ముందు ఒక ఫారం నా బల్ల మీదికి వస్తుంది. ఆ పని టైనోలకు జరిగినట్టుగా ఉంటే 'పోలిక ఉంది' అని, లేకపోతే 'పోలిక లేదు' అని రాయాలి. ఆ తర్వాత సభలో నాయకుడు నా పేరు పెట్టి మూడుసార్లు అడుగుతారు, ఆక్షేపణ ఉందా అని. ఉందంటే ఆ పని తొంభై రోజులు ఆగాల్సిందే. ఈ దినచర్య ఏ రోజుకారోజు దానంతటదే భూమికి వెళ్లిపోతుంది కాబట్టి ఎవరూ ఏదీ దాచలేరు.

మొదటి ఫారం ఇవాళే వచ్చింది. నది ఒడ్డున మనుషులున్నారు. మనకంటే ఎన్నో వందల ఏళ్ల ముందు దారి తప్పిన ఏదో ఓడవాళ్ల సంతతి అని మా డాక్టరు అంటున్నాడు. వాళ్లకా సంగతి గుర్తు లేదు. అదే ఒడ్డున మకాం వేయవచ్చా అని ఫారం. స్పెయిన్ వాళ్లు మొదటిసారి మూడు ఓడల్లో వచ్చారు, మనది ఒకటే. వాళ్ల చేతుల్లో కత్తులున్నాయి, మన చేతుల్లో లేవు. పోలిక లేదు అని రాశాను. నదికి నాగావళి అని పేరు పెట్టుకున్నాం. దానికి వాళ్ల పేరు ఒకటుంది గానీ పలకడం కష్టమన్నారు.

రోజు 22

ఇక్కడ ఒక గడ్డ పండుతుంది. చూడ్డానికి అచ్చం కర్రపెండలం. మా అమ్మ సామర్లకోటలో సగ్గుబియ్యం మిల్లులో పని చేసేది కాబట్టి ఆ వాసన నాకు తెలుసు. చేదు రకం, విషం పిండందే తినకూడదని చెబుదామనుకున్నాను. అనుకున్నాను గానీ వెంటనే చెప్పలేదు, బట్టలు ఆరేసే పనిలో ఉండిపోయాను. ఈలోగా మావాళ్లు ఇద్దరు సగం ఉడికిన గడ్డలు తిని చనిపోయారు.

మధ్యాహ్నం, నది ఒడ్డున వాళ్లుండే కింద ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయి, పేరు మొయారి. వెంట రాళ్లు పొదిగిన చెక్క, పొడవాటి అల్లిక సంచి తెచ్చింది. గడ్డలు చెక్క మీద తురిమి, సంచిలో కూరి, కొమ్మకు వేలాడదీసి, కింద కర్ర దోపి దాని మీద తను కూర్చుంది. పాలలాంటి రసం కారిపోయింది. మిగిలిన పిండిని పెనం మీద పరిచి రొట్టె కాల్చి, మొదటి ముక్క తను తిని చూపించి, తర్వాత మాకు పెట్టింది. టైనోలు కూడా తమ గడ్డలోంచి విషం పిండి, వచ్చినవాళ్లకు ఇలాగే రొట్టె పెట్టారు. పరీక్షలో అది నాలుగు మార్కుల ప్రశ్న.

వీళ్లు మట్టిని గుట్టలుగా పోసి, వాటిలో ఆ మొక్క కొమ్మలు గుచ్చుతారట. అదీ వానలకు ముందే గుచ్చాలి. వానలు పడ్డాక గుచ్చితే కొమ్మ కుళ్లిపోతుంది, ఆ ఏడాదికి తిండి ఉండదు. మొయారి ఇదంతా సైగలతోనే చెప్పింది. కుళ్లిపోవడం చూపించడానికి ముక్కు మూసుకుంది.

రోజు 61

ఇవాళ్టిది నా సొంత ఆలోచన.

టైనోల్లో గ్వాతియావో అని ఒక ఆచారం ఉండేది. ఇద్దరు మనుషులు పేర్లు మార్చుకుంటారు. అప్పటినుంచి అతని పేరు నాది, నా పేరు అతనిది. ఒకరి ఇల్లు, తిండి, కష్టం రెండోవాళ్లవి అవుతాయి. ఒక స్పెయిన్ దొర ఒక టైనో నాయకుడితో ఇలా పేరు మార్చుకున్నాడు. తర్వాత ఏడాదో రెండేళ్లో తిరక్కుండానే ఆ దొర సైన్యమే ఆ నాయకుణ్ణి వెంటాడి పట్టుకుంది. పట్టణానికి తీసుకెళ్లి ఉరితీశారు. ఈ పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో అందరూ తల దించుకునేవాళ్లు. ఆ తలలు చూస్తే నాకు తృప్తిగా ఉండేది, నిజం చెప్పాలంటే.

మనం అలాంటివాళ్లం కాదని చూపించడానికి నేనూ మొయారీ పేర్లు మార్చుకుంటే బాగుంటుందన్నాను. త్రినాథ గారు సంతోషించారు. ఇక్కడివాళ్లలో ఈ ఆచారం లేదు, మేమే నేర్పాం. మొయారికి ఈ నెలన్నరలో తెలుగు బాగానే వచ్చింది. హాజరు పిలిచే మా జగ్గారావు దగ్గర నేర్చుకుంది కాబట్టి శ్రీకాకుళం యాస.

"పేరుతో ఏటేటి వొస్తాయి?" అని అడిగింది.

"అన్నీ," అన్నాను.

"నీకు వొద్దనిపిస్తే మళ్లీ తీసుకుంటావేటి?"

"తీసుకోను."

ఆమె వెళ్లి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఇంట్లో కూర్చుని ఇవాళ వచ్చింది. వాళ్ల అమ్మ పై లోయ నుంచి దిగొచ్చి ఏడ్చింది. పిల్లకి పెట్టిన పేరు పోతోందని ఏడుస్తోందట. నదిలో నిలబడి ఒకర్నొకరం కొత్త పేరుతో మూడుసార్లు పిలుచుకున్నాం. మావాళ్లు చప్పట్లు కొట్టారు. ఇంతవరకు రాసి త్రినాథ గారికి చూపించాను. కింద సంతకం ఆయనది.

సాక్షి: దన్నాన త్రినాథ, నాయకుడు.

రోజు 64

నీళ్ల జల్లెడ కడుగుతూ "మొయారీ, ఆ గిన్నె ఇలా తే," అన్నాను. కదల్లేదు. మళ్లీ పిలిచాను.

"మొయారివి నువ్వు," అంది. గిన్నె మాత్రం తెచ్చి ఇచ్చింది.

మకాం పనికి వచ్చే కింద ఊరివాళ్లకు హాజరు పిలిచే కిల్లి జగ్గారావు పగలబడి నవ్వాడు. "రత్నప్పా, నీకు పేరు లేకుండా సేసీసినాది," అన్నాడు. జాబితాలో ఆమె పేరు మార్చమంటావా అని నన్ను అడిగాడు. ఎందుకులే, గందరగోళం అన్నాను. అందరూ పాత పేర్లతోనే పిలుస్తున్నారు, నేను కూడా. ఆమె ఒక్కతే పిలవదు.

రోజు 118

ఇక్కడి వానాకాలపు చలిలో మకాం వెచ్చగా ఉండాలంటే పెద్ద పొయ్యి మండాలి. అది మండాలంటే నల్ల ఇసుక కావాలి. ఆ ఇసుక ఈ నదిలోనే ఉంది, నీళ్లలో నడుం వంచి జల్లిస్తే దొరుకుతుంది. కింద ఊళ్లో పద్నాలుగేళ్లు దాటిన ప్రతి మనిషీ నెలకు ఒక స్టీలు గ్లాసు నిండా ఇసుక తేవాలని ఫారం వచ్చింది. తెస్తే చేతికి పచ్చ కడియం వేస్తారు. కడియం లేనివాళ్లకు ఆ నెల మందులుండవు, గిడ్డంగిలోకి రానివ్వరు.

స్పెయిన్ వాళ్లు ఇదే వయసు దాటిన టైనోలను డేగ కాలికి కట్టే గంట నిండా బంగారం తెమ్మన్నారు. ఫారం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత రాశాను. వాళ్లది గంట, మనది గ్లాసు. వాళ్లది మూడు నెలలకోసారి, మనది నెలకోసారి. వాళ్లు మెడకు రాగి బిళ్ల వేలాడదీశారు, మనం చేతికి ప్లాస్టిక్ కడియం వేస్తున్నాం. పోలిక లేదు.

సభలో మూడుసార్లు అడిగారు. నేను లేవలేదు. సాయంత్రం పెండలం పిండితో ఉప్మా చేసుకున్నాను. ఉప్పు ఎక్కువైంది.

రోజు 177

కింద ఊళ్లో దగ్గు. మా పిల్లలకు రెండు రోజుల్లో తగ్గిపోయే దగ్గే. వాళ్లు రెండు వందల పది మంది ఉండేవాళ్లు, యాభై ఎనిమిది మంది పోయారు. కడియం లేనివాళ్లకు మందు ఇవ్వాలా అని ఫారం వచ్చేసరికి ఆ సంగతి ముగిసిపోయింది. రోగం మనం కావాలని తెచ్చింది కాదు, కాబట్టి పోలిక లేదని రాశాను.

నాకు ఏడుపు రాలేదు. రాలేదని రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు కూడా లోపలిదాకా వెళ్లడం లేదు, చలికి మొద్దుబారిన వేలికి సూది గుచ్చినట్టుగా ఉంది. టైనోల మశూచి గురించి చెప్పేటప్పుడు మాత్రం ప్రతిసారీ కళ్లు తుడుచుకునేదాన్ని.

రోజు 214

మొయారి రొట్టె పట్టుకొచ్చింది. నది పనితో చేతులు నానిపోయి తెల్లగా ఉన్నాయి. నా గదిలో ఫారాల కట్ట చూసి అడిగింది.

"నీ పని ఏటి? అందరూ ఏదో ఒకటి మోస్తారు. నువ్వు మొయ్యవు."

"వద్దు అని చెప్పడం నా పని."

"ఎన్నిసార్లు సెప్పినావు?"

"చెప్పలేదు."

కాసేపు రొట్టె తిన్నాం. నేను టైనోల కథ చెప్పాను, గంట సంగతీ, ఉరితీసిన నాయకుడి సంగతీ అన్నీ. వాళ్లు చివరికి గడ్డలు నాటడం మానేసి కొండలెక్కారని చెప్పాను. తిండి లేకపోతే వచ్చినవాళ్లు పోతారనుకున్నారు. ముందు వాళ్లే ఆకలికి పోయారు.

"అందరూ పోయినారా?"

"పోయారనే పుస్తకాల్లో రాశారు. పోలేదని చాలా ఏళ్లకు తెలిసింది. స్పెయిన్ పేర్లు పెట్టుకుని అక్కడే ఉండిపోయారు. వాళ్ల మనవలూ మునిమనవలూ ఉన్నారు. ఆ రొట్టె ఇప్పటికీ కాలుస్తారు."

"వొద్దు అని ఎలాగ సెప్పాలి?" అంది, చేతులు దులుపుకుంటూ.

"సభలో పేరు పిలుస్తారు. ఉంది అనాలి."

"అంతేనా?"

"అంతే."

నా వంక చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఇంత చిన్న పని నాకెందుకు చేతకావడం లేదో ఆమెకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

రోజు 289

వానలకు ఇంకా రెండు నెలలుంది. కింద ఊరి గుట్టలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఇసుక జల్లించేవాళ్లకు మట్టి పోసే తీరిక లేదు. గిడ్డంగి నుంచి తిండి పెడతామని మనం చెప్పాం. పెడుతున్నాం, రోజుకు ఒక పూట. కొందరు పనిలోనే పడిపోతున్నారు. గ్లాసులు నిండడం లేదు.

అందుకని ఇవాళ ఫారం వచ్చింది. పై లోయలో మూడు వందల నలభై మంది ఉన్నారు, ఇంకా మన చేతికి రానివాళ్లు. వారంలోగా వాళ్లందర్నీ నది ఒడ్డుకు దింపాలి. మొయారి అమ్మ ఉండేది అక్కడే. వాళ్లు గుట్టలు పోసుకున్నారు, కొమ్మలు గుచ్చడం ఇప్పుడే మొదలెట్టారు. ఇప్పుడు దింపితే వచ్చే ఏడాది ఈ నేల మీద వాళ్లెవరికీ తిండి ఉండదు. దీనికి చరిత్ర పాఠం అక్కర్లేదు, వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఫారం ఖాళీగా ఉంచాను.

రోజు 291

త్రినాథ గారు స్వయంగా నా గదికి వచ్చారు. మంచి మనిషి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు.

"మేస్టారూ, ఫారం ఇంకా అలాగే ఉన్నాదేటి?"

"చదువుతున్నాను బాబూ."

"పొయ్యి ఆరిపోతే ఈ వానాకాలం మనోళ్లు రెండొందల మంది పోతారని డాక్టరు సెప్తున్నాడు. మీ సెల్లి పిల్లలు కూడా ఇక్కడే ఉన్నారు కదేటి."

"అందరం ఓడ కింది గదిలో సర్దుకుంటే సగం ఇసుకతో గడుస్తుందని ఇంజనీర్లు రాశారు. ఆ కాగితం మీ దగ్గరా ఉంది."

"ఆరొందల మంది ఒక గదిలోనా? కంపు కొట్టి సస్తాం."

"కంపుకి ఎవరూ చావరు."

ఆయన గోడకు ఆనుకున్నారు. కళ్లకింద నల్లటి చారలున్నాయి. "నాకూ నిద్ర పట్టడం లేదమ్మా. తొంభై రెండు మార్కులొచ్చినాయి గానీ, ఈ ప్రశ్న పేపర్లో ఇవ్వలేదు," అన్నారు.

"ఇచ్చాను బాబూ. ప్రతి ఏడాదీ ఇచ్చాను."

"అయితే రేపు సభలో సెప్పండి. నాను అడుగుతాను కదా, మూడుసార్లు. మీరు ఉందంటే నాను ఆపీస్తాను, మాటంటే మాటే." చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

నేను చెబితే ఆయనకు బరువు దిగుతుంది. నాకు మాత్రం మా చెల్లి మొహం కనిపిస్తోంది. మా చెల్లి ఓడ కింది గదిలో వాంతి చేసుకుంటూ, ఎవరికోసం అక్కా ఇదంతా అని అడుగుతుంది. ఫారం మీద 'పోలిక' అని రాశాను. తర్వాతి మాట రాయలేదు.

రోజు 292

సభ మధ్యాహ్నం జరిగింది. మావాళ్లంతా ఎండలో కూర్చున్నారు. కింద ఊరివాళ్లు పక్కన గ్లాసులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. సభ ఉన్నా ఇసుక కొలత ఆగదు. త్రినాథ గారు ఉత్తర్వు చదివి తల ఎత్తారు.

"నూకరత్నం గారికి ఆక్షేపణ ఉందా?"

నేను కూర్చునే ఉన్నాను. ఆయన కావాలనే కొంచెం ఆగారు.

"నూకరత్నం గారికి ఆక్షేపణ ఉందా?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. వస్తుందేమోనని ఎదురుచూశాను కూడా.

"ఉంది," అని వినిపించింది.

మొయారి వరుసలోంచి బయటికి వచ్చింది. గ్లాసు చేతిలోనే ఉంది, సగానికి తక్కువ ఇసుకతో. "నూకరత్నం నాను. నాకు ఉంది. లోయలో మా అమ్మ కొమ్మలు గుచ్చుతున్నాది. గుచ్చాలి."

కొందరు నవ్వారు. "ఓలమ్మా, మొయారీ, నీ వరసలోకి నువ్వు ఎల్లు," అన్నాడు జగ్గారావు.

"మొయారి అదిగో," అంటూ ఆమె నన్ను చూపించింది.

నవ్వు ఆగిపోయింది. త్రినాథ గారు నావైపు తిరిగారు. "మేస్టారూ, ఇదేటి?"

లేచాను. అది ఆట, అప్పుడేదో సరదాకి చేశాం అంటే సరిపోయేది. ఆ దొర కూడా తన పేరు పెట్టుకున్న మనిషి గురించి అలాగే అని ఉంటాడు.

"అరవై ఒకటో రోజు దినచర్య తీయండి," అన్నాను. "పేరు ఇచ్చేశాను. మళ్లీ తీసుకోనని కూడా అన్నాను. కింద మీ సంతకం ఉంది. అది ఆ రోజే భూమికి వెళ్లిపోయింది."

జగ్గారావు వెతికి తీశాడు. త్రినాథ గారు చదివారు. మళ్లీ మొదటినుంచి చదివారు. మేం రూలు తప్పని మనుషులం. గ్లాసు కూడా రూలు ప్రకారమే పెట్టాం, మందులు కూడా రూలు ప్రకారమే ఆపాం. ఇప్పుడు ఇదొక్కటి తప్పితే అవన్నీ ఏమవుతాయో ఆయనకు తెలుసు.

"మరి అరవై ఒకటి తర్వాత మీరు రాసిన పోలిక లేదులన్నీ?"

"అవి మొయారి రాసింది బాబూ. మొయారి ఈ ఆఫీసులో ఉద్యోగి కాదు."

వాటి సంగతి తర్వాత చూద్దాం అన్నారు ఆయన. ఎవరో నన్ను తిట్టారు. మా చెల్లి గొంతే అనుకుంటాను. త్రినాథ గారు మూడోసారి అడిగారు, ఈసారి ఆమెవైపు తిరిగి, ఆ పేరుతోనే, గారు అని కలిపి. ఉంది అంది. తొంభై రోజులు పై లోయవాళ్లను దింపడానికి ఎవరూ వెళ్లకూడదని రాయించారు. వానలకు ఇంకా రెండు నెలలే. కొమ్మలు గుచ్చడానికి సరిపోతుంది. తొంభై ఒకటో రోజున ఏం జరుగుతుందో ఎవరూ మాట్లాడలేదు.

కాగితాలు సర్దుకుంటూ ఆయన నాతో మెల్లగా అన్నారు. "అలాగైతే మొయారి గ్లాసు ఎవరు నింపుతారు? జాబితాలో ఆ పేరు ఉన్నాది మరి."

"ఉంది," అన్నాను. ఈసారి మాట వచ్చింది.

దీన్ని ధైర్యం అనకండి. నేను ఆక్షేపించలేదు, ఆమె ఆక్షేపించింది. నేను కాదనలేదు, అంతే.

రోజు 293

ఇకపై ఈ దినచర్య నూకరత్నం రాయాలి. ఆమెకు ఇంకా అక్షరాలు రావు. నేర్పుతాను. అందాకా ఆమె చెప్పింది నేను రాస్తాను. నా మాటల్లో ఇదే చివరిది.

పొద్దున్నే నూకరత్నం పై లోయకు బయల్దేరింది, అమ్మతో కలిసి కొమ్మలు గుచ్చడానికి. పోతూ పోతూ రాళ్ల చెక్క, అల్లిక సంచి నా గుమ్మంలో పెట్టింది. అవి మొయారివట.

నేను నదికి వెళ్లి వరుసలో నిలబడ్డాను. ముందున్నావిడ పక్కకు జరిగి చోటిచ్చింది, ఏమీ అనలేదు. జగ్గారావు జాబితా పట్టుకుని వరుసగా పేర్లు పిలుచుకుంటూ వచ్చాడు. నా దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"మొయారి."

చుట్టూ ఎవరూ నవ్వలేదు.

"మొయారి," అని మళ్లీ పిలిచాడు, జాబితాలోంచి తల ఎత్తకుండా.

"ఉన్నాను," అన్నాను.

నా పేరు పక్కన గీత పెట్టి గ్లాసు చేతికిచ్చాడు.